మా అత్తగారూ, పడవవాడి ఆటా

గడిచిన ఆదివారం ఉదయం మా అత్తగారు కన్నుమూశారు. కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని మళ్ళీ మంచమెక్కారు. టిఫినుకి పిలిస్తే పలకలేదు. నిద్రలోనే వెళ్ళిపోయారని డాక్టరు చెప్పారు. ఢిల్లీ పక్కన వైశాలిలో మా అపార్ట్‌మెంటు వాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు.

ఈ శీర్షికలో వీడియో గేముల గురించి నేను రాసేవి చదివేవాళ్ళకి "మా ఇంట్లో ఒకరు ఏమన్నారంటే" అన్న మాట గుర్తుండే ఉంటుంది. అది మా ఆయన గురించే అని చాలామంది అనుకున్నారు. ఆ ఒకరు మా అత్తగారు. తన మాటలు అచ్చులో వస్తున్నాయని తెలిసినప్పుడు, "పేరు మాత్రం రాయకమ్మాయ్. కాకినాడలో మావాళ్ళు చదివితే, ఢిల్లీ వెళ్ళి ఇది చేసిన నిర్వాకం ఇదా అంటారు" అన్నారు. అందుకే ఇప్పుడు కూడా రాయడం లేదు.

పెళ్ళయ్యాక ఆవిడ ఢిల్లీలో సర్కారీ క్వార్టర్లలో కాపురం పెట్టారు. మావగారు సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. కొడుక్కి మంచి మార్కులొచ్చాయని పాలికా బజార్ నుంచి టీవీకి తగిలించే గేము డబ్బా ఒకటి కొనుక్కొచ్చారట. కొడుకు కొన్నాళ్ళు ఆడి, క్రికెట్లో పడి దాన్ని మర్చిపోయాడు. ఓ మధ్యాహ్నం వంటపని అయ్యాక ఈవిడ దుమ్ము దులుపుదామని తీసి, ఎలా ఉంటుందో చూద్దామని మీట నొక్కారు. "అంతే, ఇక చెయ్యి వెనక్కి తియ్యలేదు" అని చెప్పి నవ్వేవారు.

ఆ గేముకి ఇంగ్లీషులో వేరే పేరుంది. ఆవిడకి మాత్రం అది పడవవాడి ఆట. టోపీ పెట్టుకున్న బుల్లి పడవవాడు పీతల్ని తప్పించుకుంటూ, తాళంచెవులు ఏరుకుంటూ, దీవి మీంచి దీవి మీదకి దూకుతాడు. నీళ్ళలో పడితే ఆట మళ్ళీ మొదటికొస్తుంది. పోపు పెడుతూ కూడా ఆవిడ ఆ గేములో వచ్చే పాటే కూనిరాగం తీసేవారని మా ఆయన చెబుతుంటారు.

నేను కోడలిగా వచ్చేసరికి మావగారూ లేరు, ఆ డబ్బా కూడా లేదు. కొత్తలో మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఓ రోజు ఆవిడే అడిగారు, నోయిడాలో నా ఆఫీసులో నేనేం చేస్తానని. కాస్త మొహమాటంగానే, "కొత్త గేములు ఆడి, వాటిలో తప్పులు పట్టుకుంటానత్తయ్యగారూ" అన్నాను.

బెండకాయలు తరగడం ఆపేశారు. "అచ్ఛా! దానికి జీతం కూడా ఇస్తారా? తెలిసుంటే నేనూ అదే ఉద్యోగం చేసేదాన్ని కదమ్మా!"

ఆ రోజు నుంచి మాకు మాటలకి కరువు లేదు.

కిందటేడు పడవవాడి ఆటకి రీమేక్ వచ్చింది. బొమ్మలు కొత్తగా గీశారు, మిగతాదంతా ఉన్నదున్నట్టే ఉంచారు. అలా ఉంచితే ఈ రోజుల్లో ఆ ఆట నిలబడుతుందా అని మా ఆఫీసులో పెద్ద వాదన నడిచింది. నిలబడుతుందనే వాళ్ళలో నేనొకదాన్ని. ఇంటికి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, కళ్ళనీళ్ళు పెట్టుకుంటారేమోనని చూస్తూ కూర్చున్నాను.

మూడో దీవి మీద ఓ గొయ్యి ఉంది. పడ్డాకే తెలుస్తుంది, ముందు కనిపించదు. ఆవిడ అందులో పడ్డారు.

"ఇదింకా ఇక్కడే ఉందా! పూడ్చలేదేం?"

"పాత ఆటలో ఉంది కదండీ, అలాగే ఉంచారు. అదే గొప్ప."

"గొప్పేంటమ్మా? అప్పుడూ ఇది అన్యాయమే. ఆడ్డానికి ఇంకోటి లేక ఊరుకున్నాను."

గేముల మీద బతికే నాకు అంతవరకూ తట్టని మాట అది. ఆ నెల వ్యాసంలో అదే రాశాను. అలాగని ఆవిడకి అంతా తప్పుగానే కనిపించిందని కాదు. "దూకడం మాత్రం ముట్టుకోలేదు, చూడు. మీట వదిలేదాకా గాల్లోనే ఉంటాడు. అది చెడగొట్టుంటే ఎన్ని రంగులు పూసినా నాకొద్దు" అన్నారు. పెద్ద పెద్ద సమీక్షల్లో కూడా అంత సూటి మాట నాకు కనపడలేదు.

ఆ రీమేకులో వెనక్కి వెళ్ళే మీట ఒకటి కొత్తగా పెట్టారు. నీళ్ళలో పడ్డాక దాన్ని నొక్కితే, పడకముందున్న చోటికి వెళ్ళిపోవచ్చు. నాకది గిట్టదు. ఆవిడకి వేళ్ళ కీళ్ళు నొప్పులు, ఏ సంకోచం లేకుండా నొక్కేవారు.

"అది తొండి కదండీ" అన్నాను ఓసారి.

"తొండే. డెబ్భై దాటినదాన్ని, ఇంకా ఎన్నిసార్లు మొదట్నుంచి ఆడమంటావు?"

కొన్నాళ్ళకి నేనూ నొక్కడం మొదలుపెట్టాను, ఆవిడ చూడనప్పుడు.

పాత డబ్బాలో ఏడో దీవి చివరికి రాగానే తెర బిగుసుకుపోయేదట. అందులో పెట్టే గేము దొంగ క్యాసెట్టు మరి. దాని అవతల ఏముందో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. వానాకాలంలో ఓ మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా, "అమ్మాయ్, స్టవ్వు కట్టేసి రా!" అని కేక పెట్టారు. పక్కగదిలో ఆఫీసు కాల్‌లో ఉన్న కొడుకుని కూడా, "ఒరేయ్, ఆ చెవులకున్నవి తీసి ఇలా రారా" అని పిలిచారు.

ఎనిమిదో దీవి మీద పీతల్లేవు, తాళంచెవుల్లేవు. వాన పడుతోంది. పడవవాడు టోపీ తీసి ఓ పాక అరుగు మీద కూర్చున్నాడు. అంతటితో ఆట సరి. ఇంతేనా అంటారేమోనని నాకు భయం వేసింది.

ఆవిడ కంట్రోలరు ఒళ్ళో పెట్టుకుని తెరవైపు చూశారు. "అయితే ఇన్నాళ్ళూ ఇక్కడ వాన పడుతూనే ఉందన్నమాట" అన్నారు.

మా ఆయన వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని, ఆ వాన చూస్తూ ఉండిపోయారు. లోపల కాల్ ఏమైందో నేనడగలేదు.

పాత ఆటల రీమేకులు ఇప్పుడు నిలబడతాయా అని మీలో చాలామంది అడుగుతుంటారు. అన్నిటి సంగతీ చెప్పలేను. లోపాలన్నీ ఎరిగిన మనిషి కూడా రోజూ భోజనమయ్యాక ఇష్టంగా తీసి కూర్చున్న ఆట ఒకటి మా ఇంట్లో ఉండేది. ఆ మనిషి పక్కన కూర్చుని చూసే అదృష్టం నాకు దక్కింది.

ఈ చలికాలంలో కింది ఫ్లాటు పంజాబీ ఆంటీకి కూడా ఆవిడ ఆట నేర్పడం మొదలుపెట్టారు. ఆ ఆంటీ అంతకుముందు గేము ముట్టుకుని ఎరగరు. ఓ రోజు నేను ఆఫీసు నుంచి పెందరాళే వచ్చేశాను. వీధితలుపు తీసే ఉంది. హాల్లోకి ఎండ పడుతోంది. బల్ల మీద టీ కప్పులు మీగడ కట్టాయి. కంట్రోలరు ఆంటీ చేతుల్లో ఉంది. నేను వచ్చింది ఇద్దరూ చూడలేదు.

"అభీ నహీ, దీదీ... అభీ నహీ... హా, అబ్ కూదో!" అంటూ ఆపి ఆపి, ఇక దూకమని అత్తగారు అరిచారు.

పడవవాడు గాల్లోకి లేచాడు. వాడితో పాటే ఆడవాళ్ళిద్దరూ సోఫాలోంచి సగం పైకి లేచారు.