మా ప్రెసిడెంటన్న మీద ఏ జెండా?

మా నాపరాయి కార్మికుల యూనియన్ ప్రెసిడెంటు పోయినాడు. కర్నూలు పెద్దాసుపత్రిలో, తెల్లారి టీ తాగుతా తాగుతా గ్లాసు పక్కన పెట్టినాడంట, మళ్ళీ తీసుకోలేదంట. ఆయన భార్య, మా అందరికీ వదిన, ఫోన్ చేసి ఆ మాటే చెప్పింది. "అమ్మీ, మీ అన్న టీ సగంలో ఇడిసిపెట్టి పోయినాడు" అని. ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము పెట్టుకోని తిరిగిన మనిషి. ఎప్పుడో ఒకరోజు ఈ ఫోన్ వస్తాదని మాకందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం.

నేను బేతంచెర్లలో రాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని చేస్తాండా. మిషన్ కింద చేరే తెల్లబురద ఎత్తిపోసే పనితో మొదలుపెట్టినా, ఇప్పుడు మిషన్ నేనే నడుపుతా. యూనియన్‌లో ఖజాంచిని. ఇట్లాంటివి రాయడం నాకు అలవాటు లేదు. "ఆయనతో అందరికంటే ఎక్కువ కొట్లాడింది నువ్వే, కాబట్టి నువ్వే రాయాల" అని మావాళ్ళు పట్టుబట్టినారు. కొట్లాడిన మాట నిజమే.

ఆ రోజు శవం ఇంకా దారిలో ఉండగానే ఆయన ఇంటి ముందరికి పార్టీ జీపు వచ్చింది. అన్న పార్టీ మనిషి, వయసులో ఉన్నప్పటి నుంచీ. ఏ పార్టీ అనేది ఈడ రాయను, రాస్తే ఆయన ఊరుకునే రకం కాదు. జీపులోంచి జిల్లా నాయకుడు దిగినాడు. చేతిలో కొత్త జెండా, మడత కూడా ఇప్పలేదు. "మా సభ్యుడమ్మా. మా జెండా కప్పి తీసుకుపోతాం" అన్నాడు. ఆయన అడిగింది అన్యాయమేం కాదు. కానీ గోడవారగా నిలబడిన మా లోడింగ్ మేస్త్రీ, లారీలకు రాళ్ళెత్తే జట్టుకు పెద్ద, అక్కడి నుంచే చెప్పినాడు. "ఆ జెండా కప్పితే మా జట్టు భుజం పట్టదు." మేస్త్రీ ఇంకో పార్టీకి బూత్‌లో ఏజెంటుగా కూర్చునేవాడు. ఆయన వెనకాల ఉన్నోళ్ళలో మూడో పార్టీ వాళ్ళూ ఉన్నారు, ఏ పార్టీ పట్టనోళ్ళూ ఉన్నారు. మా యూనియనే అట్లాంటిది.

వదినా సెక్రటరీ శవంతో పాటు ఆంబులెన్సులో వస్తాన్నారు. ఇంక మిగిలింది నేను. రెండు వైపులా నా మొగమే చూస్తాన్నారు. జెండా కప్పనిస్తే యూనియన్ ఆ పార్టీదని పంచాయతీ ఎన్నికలకు ముందు ఊరంతా అనుకుంటాది, సగం మంది రేపటికే ఇంకో సంఘం పెట్టుకుంటారు. వద్దంటే, ఆయన జన్మంతా నమ్ముకున్నదాన్ని చచ్చిన రోజు ఆయన మీద నుంచి లాగేసినట్టు అవుతాది. ఏది చేసినా ఆయన వాకిట్లోనే ఆయన కట్టిన యూనియన్ చీలిపోతాదని నా భయం. ఆంబులెన్సు వచ్చేదాకా నా ముందున్న ప్రశ్న అదొక్కటే. వాకిట్లో కుర్చీలు సర్దుతా, నీళ్ళబిందెలు పెట్టిస్తా, ఆయన ఉంటే ఏమనేవాడా అని వెతుక్కుంటా ఉన్నా.

ఆయన ఈ విషయంలో ఏమనేవాడో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నేను యూనియన్‌లో చేరినాక వచ్చిన మొదటి ఎన్నికలప్పుడు ఇదే పార్టీ ఒక మనిషిని పంపింది. యూనియన్ నిధి నుంచి ఎన్నికల ఫండ్ ఇయ్యమని. కమిటీలో శానామంది సరే అన్నారు. అన్న అప్పటికి ఆ పార్టీ జిల్లా కమిటీలో ఉన్నాడు, ఆయనే ముందు సంతకం పెడతాడనుకున్నాం. ఫ్యాక్టరీ బయట మీటింగు పెట్టి, తువ్వాలుతో మొగం తుడుచుకోని లేచినాడు.

"పార్టీ నాదప్పా. యూనియన్ మనందరిదీ. నాదానికోసం మనందరిదాంట్లో నేను చెయ్యి పెట్టను" అన్నాడు.

"అయితే పార్టీలే వద్దంటావా అన్నా?" అని మేస్త్రీ అడిగినాడు.

"వద్దని ఎవరన్నారు? నీ కూలిరేటు జీవో యాడ నుంచి వస్తాది, ఆకాశం నుంచా? రాజకీయం కావాల. ఇయ్యాలనుకున్నోడు ఇయ్యాల. ఇయ్యనోడు ఎవరో నాకు కూడా తెలియకూడదు."

తెలియకుండా ఎట్ల? దానికి ఆయన పెట్టిన పద్ధతి మా ఊళ్ళో తప్ప ఇంకో చోట ఉండదేమో. టీకొట్టు కాడ ఒక మట్టికుండ పెట్టించి, మూతికి గుడ్డ కట్టి, చెయ్యి దూరేంత చిల్లు చేయించినాడు. ఇచ్చేవాళ్ళే కాదు, ఇయ్యనివాళ్ళు కూడా వరుసలో రావాల. పిడికిలి మూసి కుండలో పెట్టాల, తెరిచి బయటికి తీయాల. ఎవరు ఎంత వేసినారు, అసలు వేసినారా లేదా, ఎవరికీ తెలియదు. పార్టీ ఫండ్ అదే. యూనియన్ నిధిలో నయాపైసా కదలదు. అన్న మాత్రం వరుస అయిపోయేదాకా రోడ్డువైపు తిరిగి కూర్చున్నాడు.

సాయంత్రం పార్టీ మనిషి ముందర కుండ బోర్లించినాం. నోట్లతో పాటు బిళ్ళలు, బిళ్ళలతో పాటు రాతిపలుకులు బొలబొలా రాలినాయి. పాలిష్ మిషన్ కాడ అంచులు కోస్తే పడే చిన్న చిన్న పలుకులు, పిడికెడు కాదు, చేటెడు. మాకు ముందు అర్థం కాలేదు. తర్వాత టీకొట్టాయన నవ్వుతా చెప్పినాడు. వట్టిచెయ్యి పెడితే కుండలో చప్పుడు రాదు కదా, వెనకాల ఉన్నోళ్ళకు తెలిసిపోతాదని, ఇయ్యనోళ్ళంతా జేబులో పలుకులు వేసుకోని వచ్చినారంట. పార్టీ మనిషి మొగం మాడిపోయింది. "ఇది మాకు అవమానం" అన్నాడు. అన్న నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. దగ్గు తగ్గినాక మాత్రం నవ్వలేదు.

"వాళ్ళు మనకు భయపడినారమ్మీ. రాయి వేసినోడు కూడా మనోడే. తప్పు ఆ కుండది" అన్నాడు.

మరుసటి ఎన్నికలకు కుండ అడుగున వదిన పాతచీర మెత్తగా మడిచి పెట్టించినాడు, చప్పుడు రాకుండా. అప్పటి నుంచి పలుకులు పడలేదు. నేను ఏ ఏడు ఏం వేసినానో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, ఈడా చెప్పను.

ఆరోజు మొగం మాడ్చుకున్న పార్టీ మనిషే ఇప్పుడు జిల్లా నాయకుడు, జెండా పట్టుకోని అన్న వాకిట్లో నిలబడిన మనిషి. ఆ కుండ సంగతి ఆయన అప్పట్లోనే పార్టీ పెద్దలకు చేరేసినాడు. సంఘం చేతిలో ఉండి కూడా పార్టీకి ఫండ్ తేలేకపోయినాడని అన్నను జిల్లా కమిటీ నుంచి తీసేసినారు. సభ్యత్వం మాత్రం ఉంచినారు. ఆ రోజు అన్నం ముందర కూర్చొని, కలుపుకోని, తినకుండా లేచిపోయినాడని వదిన తర్వాత ఎప్పుడో చెప్పింది. అయినా ఏటేటా సభ్యత్వం కట్టేవాడు. పార్టీ పత్రిక తెప్పించుకోని, కళ్ళద్దాలు తుడుచుకోని, ఒక్క అక్షరం వదలకుండా చదివేవాడు.

ఆయన పట్టింపులు చూస్తే ఒక్కోసారి నవ్వొచ్చేది, ఒక్కోసారి ఒళ్ళు మండేది. కర్నూలుకు ఒకే రోజు పార్టీ మీటింగూ లేబర్ ఆఫీసు పనీ పడినాయనుకోండి. పోయేటప్పటి బస్సు టికెట్టు తన జేబులోంచి, వచ్చేటప్పటిది యూనియన్ నుంచి. "ఏందన్నా ఇది, బస్సు కూడా రెండు ముక్కలు చేస్తావా" అంటే, "రెండు పనులు చేసినా కదా" అనేవాడు. మీటింగులో ఎంత అరుచుకున్నా, తర్వాత అందరినీ బొరుగుల ఉగ్గాని, బజ్జీలు దొరికే హోటలుకు తీసుకుపోయేవాడు. ముందు బజ్జీలు అన్నీ తినేసి, ఆ తర్వాత వట్టి ఉగ్గాని తినేవాడు. ఎవరి బిల్లు వాళ్ళే కట్టుకోవాల. ఆ విషయంలో మహా పిసినారి.

నిజంగా కొట్లాడింది మాత్రం కరెంటు చార్జీలు పెంచినప్పుడు. ఓనర్లు కరెంటు మోయలేమని ఫ్యాక్టరీలకు తాళాలు వేసినారు. పని లేదు, కూలి లేదు. అధికారంలో ఉన్న పార్టీతో అంటకాగిన ఇంకో ఊరి సంఘం వాళ్ళను మంత్రి లోపలికి పిలిచి కూర్చోబెట్టినాడు. మేము గేటు బయట ఎండలో నిలబడినాం. అన్న సొంత పార్టీ వాళ్ళు కూడా మా తరఫున నోరు తెరవలేదు. వాళ్ళకు మేమేం ఇచ్చినాం గనక?

నేను ఆ రోజు ఆయన మొగం మీదే అన్నా. "నీ నీతికి మా పొయ్యి ఆరిపోయిందన్నా. మనకు దిక్కు లేకుండా చేసినావు."

ఆయన తువ్వాలు తల మీద కప్పుకోని, "రేపు వాళ్ళు పోయి ఇంకోళ్ళు వస్తారమ్మీ. అప్పుడు ఆ సంఘం వాళ్ళు ఈ ఎండలోకి రావాల్సిందే. మనం అప్పుడూ ఈడనే ఉంటాం, అందరం ఉంటాం" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ సగమే ఒప్పుకుంటా. ఆకలి రేపటి దాకా ఆగదు. ఆయనకు జవాబు దొరకని మాట అదొక్కటే, అది ఆయనకూ తెలుసు. ఫ్యాక్టరీలు తెరిచేదాకా రోజూ ఇంటింటికీ తిరిగి, ఎవరింట్లో బియ్యం ఉన్నాయో ఎవరింట్లో లేవో చూసి అటూ ఇటూ సర్దినాడు. పార్టీ ఏదని ఏ ఇంటి ముందరా ఆగలేదు. మేస్త్రీ ఇంటికి మొదటి మూట మోసింది ఆయనే. అంత మాట అన్న నన్ను ఒక్కరోజు కూడా పరాయిదాన్ని చేయలేదు. అట్లాంటి పెద్దదిక్కు మళ్ళీ దొరుకుతాదా మాకు?

ఆంబులెన్సు వచ్చింది. దించి ఇంట్లో పడుకోబెట్టినాం. దుమ్ము లేకుండా ఆయన మొగం అంత తేటగా చూడటం నాకు అదే మొదలు, ఏడుపు ఆగలేదు. బయట మళ్ళీ జెండా గొడవ మొదలయింది. ఇంక ఆలస్యం చేయకూడదని వదిన పక్కన కూర్చోని, చెవిలో సంగతంతా చెప్పినా.

ఆమె ఏడుస్తానే ఉంది, మాట మాత్రం గట్టిగా వచ్చింది. "ఆయన పార్టీ మనిషే కదమ్మీ. కాదని అబద్ధం ఎందుకు ఆడాల? ఆయన ఇంట్లో ఆయన జెండా కప్పనీండి."

నేను బయటికొచ్చి నాయకుడి ముందు నిలబడినా. "అన్నా, ఇల్లు ఆయనది. లోపలికి రండి, కప్పండి, మీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండండి. గడప దాటినాక మోసేది యూనియన్. అప్పుడు ఆయన మీద ఏ జెండా ఉండదు, మాది కూడా ఉండదు."

"ఇది ఎవరు పెట్టిన రూలమ్మా?" అన్నాడు కోపంగా.

"ఆయనే. మీకు తెలియనిదా?"

ఆయన లోపలికి పోయి జెండా మడత ఇప్పి, కాళ్ళ నుంచి గుండెల దాకా కప్పినాడు. పార్టీవాళ్ళు పిడికిళ్ళు ఎత్తి నిలబడినారు. మేస్త్రీ జట్టు వాకిట్లోనే ఉండిపోయింది, కానీ ఎవరూ ఒక్క మాట అనలేదు. పాడె కట్టడం అయినాక నాయకుడే వంగి జెండా తీసినాడు. నాలుగు మడతలు పెట్టి వదిన ఒళ్ళో ఉంచినాడు. "ఇది మీ ఇంట్లోనే ఉండనీమ్మా" అన్నాడు. అన్నను కమిటీ నుంచి తీసేయించిన మనిషి, గోడకు తల ఆనించి ఏడ్చినాడు.

పాడె ఎత్తేటప్పుడు ఆయన మేస్త్రీ కాడికి వచ్చి, "నేనూ పట్టొచ్చా?" అని అడిగినాడు. మేస్త్రీ ఒక నిమిషం ఆయన వట్టిచేతులు చూసి, పక్కన ఉన్నోడిని తప్పించి, "రాన్నా, ఈ ముందు కొమ్ము పట్టుకో" అన్నాడు.

మావాళ్ళు రాయి ఎత్తేటప్పుడు పొడుగోడిని పొట్టోడితో జత కట్టరు. రాయి వాలిపోతాది, బరువంతా పొట్టోడి మీదికి దిగుతాది. నాయకుడు పొట్టి మనిషి. మేస్త్రీ, మిగిలిన ఇద్దరూ ఆయన కంటే తలంత ఎత్తు. భుజానికి ఎత్తుకోగానే పాడె ఆయన వైపు వాలింది, ఆయన కాలు తడబడింది. మేస్త్రీ ఎవరినీ మారమనలేదు. మెల్లగా ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. ముగ్గురూ ఒక్కసారే మోకాళ్ళు వంచి భుజాలు దించినారు. పాడె సమానమయింది.

మా వైపు ఆడోళ్ళు శ్మశానం దాకా పోరు. మేము రోడ్డు మలుపు కాడ ఆగిపోయినాం. ఎండ మండిపోతాంది, శ్మశానం ఇంకా శానా దూరం. మధ్యలో భుజాలు మార్చుకున్నారు, మార్చుకోని వచ్చినోళ్ళు కూడా నాయకుడి ఎత్తుకే వంగినారు. ఆయన మాత్రం మారలేదు. మా కంటికి కనపడినంత దూరం వాళ్ళు అట్ల వంగే నడిచినారు.