ఎవరూ తీయని 2.8 బ్రాంచ్

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. చేవెళ్ల సత్సంగంలో శాస్త్రం వింటూ పెరిగినవాణ్ని. అన్నిటా పరమాత్మే నిండి ఉంటే దయ్యానికి చోటెక్కడ?

ఐటీ ఊపు మీదున్న రోజులవి. మొయినాబాద్ దగ్గర అజీజ్‌నగర్‌లో, ఫామ్‌హౌస్ కిరాయికి తీసుకుని నడిపే చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ని. కూరగాయల కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. కొత్త వెర్షన్ బయటికి పంపేముందు ఆ కోడ్‌ను సర్వర్‌లో విడిగా ఒక బ్రాంచ్‌గా తీసి నంబరు పెట్టాలి. ఆ పని నాది.

2.7 అయ్యాక మా సేటు అడ్డుపడ్డాడు. "ఎనిమిది శనిది. నాకొద్దు. సీదా తొమ్మిది పెట్టు." పెట్టాను.

మర్నాడు పొద్దున చూస్తే సర్వర్‌లో 2.8 ఉంది. తీసింది నేనేనని లాగ్‌లో నా పేరు. లోపల 2.7కు అచ్చు నకలు. చెరిపేశాను. ఆ మర్నాడు మళ్లీ ఉంది.

నా పాస్‌వర్డ్ తెలిసినవాడు పక్క సీటు శ్రీను ఒక్కడే. నేను సెలవు పెట్టిన రోజు నేనే చెప్పాను. చేవెళ్ల దగ్గరి ప్రొద్దుటూరు రైతుబిడ్డ, వాళ్లింట్లో మొదటి ఉద్యోగం అతనిదే. "శనికి మన పాస్‌వర్డ్ ఎవలిచ్చిన్రు సేటూ?" అని అందరిముందు నవ్వాడు కూడా. ఆ నవ్వుతో నా అనుమానం బలపడింది. సేటుకు అతని పేరు చెప్పాను. సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే నౌకరీ లేదన్నాడు సేటు.

"నేను చెయ్యలేదన్నా. దేవుని మీద ఒట్టు."

"దేవుణ్ని ఎందుకు తెస్తవ్ ఇందులకు?" అన్నాను.

"ఆయన నన్ను నమ్ముతడు. నమ్మాల్సింది నువ్వు."

సరే, రుజువు చేద్దామనుకున్నాను. పాస్‌వర్డ్ మార్చాను, ఎవరికీ చెప్పలేదు. 2.8 చెరిపేసి, సర్వర్‌కున్న నెట్‌వర్క్ కేబుళ్లన్నీ పీకేశాను. మిట్టమధ్యాహ్నం. సర్వర్ మానిటర్ ముందు ముగ్గురమే. శ్రీను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కీబోర్డును ఎవరూ ముట్టలేదు. కాసేపాగి సేటు మౌస్‌తో జాబితాను రిఫ్రెష్ చేశాడు.

2.8. నా పేరు. టైము ఆ నిమిషానిదే.

సేటు నారాయణా అంటూ వెనక్కి జరిగాడు. శ్రీను నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు ఎవల పేరు చెప్తవన్నా?"

అతని ఉద్యోగం నిలిచింది. నా పక్కన మాత్రం మళ్లీ కూర్చోలేదు. ఆ లాగ్‌ను ఎన్నిసార్లు తిరగేశానో నాకే తెలియదు. కారణం దొరకలేదు. శ్రీను కాదని ఆ రోజే తేలింది. నేను కాదని మాత్రం ఇప్పటికీ నా దగ్గరే రుజువు లేదు.