ఊటరేవు మీదుగా

మా ప్రయోగశాలలో అల్లిక తెగిన కుర్చీ ఉండేది కాదు. మూడు నెలలకోసారి మొగులయ్య పేము చుట్ట భుజాన వేసుకుని ఛత్రినాక నుంచి నడిచి వచ్చేవాడు. గుమ్మం బయట లారీ టైరుతో కుట్టిన చెప్పులు విడిచి, రెండూ పక్కపక్కన సర్ది, వరండాలో కూర్చుని పాత అల్లికను కోసి పారేసేవాడు. లోపలికి రావలసి వస్తే ఒట్టి కాళ్లతోనే వచ్చేవాడు.

"నేల మీద యాసిడ్ చుక్కలుంటాయి, చెప్పులు తొడుక్కో మొగులయ్యా" అని నేను ఎన్నిసార్లు చెప్పానో.

"పని జేసే జాగల చెప్పులేందమ్మా" అనేవాడు. "పుట్టి ఎక్కేటప్పుడు సుత ఇడిచేటోణ్ణి. కాలు కింద ఏమున్నదో కాలుకు తెల్వాలె."

కృష్ణ ఒడ్డున ఊటరేవు అనే ఊళ్లో అతను పుట్టి నడిపేవాడు. వెదురుతో అల్లి తారు పూసిన గుండ్రటి పడవ అది. దాన్ని అల్లిందీ అతనే, నడిపిందీ అతనే. ప్రాజెక్టు నీళ్లలో ఊరు మునిగాక పట్నం వచ్చాడు. అల్లే చేతులు తప్ప ఇంకేమీ వెంట రాలేదు. "కుర్చీ అల్కగనే ఉంటదమ్మా. పుట్టి నీళ్లను ఆపాలె. కుర్చీ మనిషిని మోస్తే సాలు" అని నవ్వేవాడు.

అతని భార్య చంద్రమ్మ మా పాపను చూసుకునేది. నేను నగరం నీళ్లు పరీక్షించే ఉద్యోగిని. రోజంతా సీసాల్లో వచ్చిన నీళ్లలో ఏమేం ఉన్నాయో చూసి ఇంటికి వచ్చేదాన్ని. పాప పుట్టాక అదంతా ఒక భయమై పట్టుకుంది. గడియారం ముందు పెట్టుకుని ఇరవై నిమిషాలు నీళ్లు మరిగించేదాన్ని. పాలసీసాను మూడుసార్లు ఉడకబెట్టేదాన్ని. చంద్రమ్మ గోడకు ఆనుకుని చూస్తూ, "సుశీలమ్మా, నీళ్లను కాగవెడుతున్నవా, పులుసు వండుతున్నవా? ఉప్పు కారం సుత ఏస్తివంటే మేం గూడ తింటం" అనేది. కానీ నేను చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసేది. నేను మరిచిపోయిన రోజున తనే సీసాను మళ్లీ ఉడకబెట్టేది. ఎందుకో నాకు చాలాకాలం తెలియలేదు.

ఎనభై ఏడు డిసెంబరులో మా ఉద్యోగుల సంఘం వాళ్లు విహారయాత్ర పెట్టారు. ప్రాజెక్టు దాకా బస్సు, అక్కడి నుంచి రెండు గంటల లాంచీ ప్రయాణం, గుట్టరేవు అనే చేపలవాళ్ల ఊళ్లో భోజనం, రాత్రికి వెనక్కి. మా ఆయనకు ఆ రోజు డ్యూటీ. పాపను ఎత్తుకోవడానికి తోడు రమ్మని చంద్రమ్మను అడుగుతూ ఊరి పేరు చెప్పాను. ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టి కూర్చుండిపోయింది.

"గుట్టరేవా అమ్మా? ఆడ నా కొడుకున్నడు."

చేపలు పట్టే కొడుకేమో అనుకున్నాను. ఆమె చెప్పుకుంటూ పోతే తెలిసింది. అంజన్న. రెండున్నరేళ్ల వాడు. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒక పగలూ ఒక రాత్రీ. నది పోటు మీదుండడంతో, నది దాటించడమే బతుకుదెరువైన తండ్రి కొడుకును అవతలి ఒడ్డున ఉన్న దవాఖానాకు దాటించలేకపోయాడు. రేవు పక్కన బొందలగడ్డలో పూడ్చారు. నాలుగేళ్లకు ప్రాజెక్టు వాళ్లు ఊరు ఖాళీ చేయమన్నారు.

"నేను మొగులయ్య కాళ్లు పట్టుకున్ననమ్మా. పోరణ్ణి నీళ్లల్ల ఇడిచి నేను లారీ ఎక్క అన్న. పాపం, పోయి తవ్వి తీసి, గుట్ట మీద పెట్టి వచ్చిండు. మా దిక్కు ఆడోళ్లు బొందలగడ్డకు పోరు గద, నేను ఇదీ చూడలేదు, అదీ చూడలేదు. గుట్ట అంటే గుట్టనే. ఆడికి నేను పోవచ్చు. పోవచ్చు గదమ్మా?"

పోవచ్చన్నాను. చక్కెర, ఉప్పు కలిపిన కాచిన నీళ్లు గ్లాసుల కొద్దీ పట్టించి ఉంటే వాడు బతికేవాడేమో అన్న మాట నా నోటి దాకా వచ్చింది. మింగేశాను.

మరునాడు మొగులయ్య పిలవకుండానే మా ఇంటికి వచ్చాడు. గడప బయట చెప్పులు విడిచి, బాగానే ఉన్న పాప ఊయల దగ్గర కూర్చుని దాని అల్లిక సవరించడం మొదలుపెట్టాడు. చంద్రమ్మ నల్లా దగ్గరికి వెళ్లేదాకా మాట్లాడలేదు.

"అమ్మా, ఆమెను తోల్కపోకుండ్రి."

"అదేంటి మొగులయ్యా? ఎంత సంబరపడుతోందో చూశావా?"

"గదే నా ఫికర్." చేతులు ఆపకుండానే చెప్పాడు. "గుట్ట మీద వాడు లేడమ్మా. ఉత్త గుంత."

ఊయల తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"తవ్వనీకి పోయిన. గడ్డపారతోని గాదు, దెబ్బ తాకుతదని చేతులతోని తవ్విన. మోకాటి లోతుకు నీలం బట్ట కనవడ్డది. చంద్రమ్మ చీర, దాంట్లనే సుట్టి పెట్టినం. ఇగ నా చేతులు రాలేదమ్మా. నా కండ్లల్ల వాడు నవ్వుకుంట ఉన్నడు, గట్లనే ఉండనీ అనుకున్న. మల్ల మన్ను కప్పిన. లారీలోళ్లు హారన్ మీద హారన్ కొడుతున్నరు. గుట్టెక్కి ఉత్తగ తవ్వి, పూడ్చి, రాయి పెట్టి వచ్చిన. పెట్టినవా అన్నది. పెట్టిన, ఆడికి నీళ్లు రావు అన్న. గంతే."

"ఇప్పుడైనా చెప్పేయరాదూ?"

"రోజు పొద్దుగాల లేచి గా దిక్కు తిరిగి మొక్కుతది. ఏమని చెప్పాలె? నీ కొడుకును నీళ్లల్ల ఇడిచొచ్చిన అని చెప్పాల్నా?" ఇంకో ముడి బిగించి అన్నాడు. "రెండు గుట్టలుంటయమ్మా, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్నది పెద్దదాని ఎనుక దాక్కున్నదంటే సక్కగ దాని ముంగట మా రేవు. పుట్టి నడిపేటోళ్ల గురుతు. లాంచీ గా తొవ్వలనే పోతది. వాని మీదికెళ్లి పోవుడు నాతోని కాదు."

నేను ఆ ప్రయాణం మానేసి ఉండవచ్చు. పాపకు జలుబు అంటే సరిపోయేది. కానీ చంద్రమ్మ ఇంకా నెల రోజులుండగానే పండగకు చూసినట్టు ఎదురుచూస్తోందనీ, ఆశ పెట్టి లాగేసుకోవడం పాపమనీ నాకు నేను చెప్పుకున్నాను. ఖాళీ గుంత అని ఎవరు తవ్వి చూస్తారు అని మొగులయ్యకు ధైర్యం చెప్పాను. అందులో నా అవసరం కూడా ఉంది. లాంచీలో పాపను ఒక్కదాన్నే పట్టుకోవాలంటే నాకు భయం.

వెళ్లే ముందురోజు చంద్రమ్మ నన్ను చార్మినార్ దగ్గర బట్టల దుకాణానికి తీసుకెళ్లింది. గీతల అంగీ ఒకటి బేరం చేసింది. "ఎంత వయసు పిల్లాడికి?" అని దుకాణదారు అడిగితే, వేళ్లు మడిచి లెక్కపెట్టి, "పన్నెండు నిండినయి" అంది.

రాయి చూపించేది ఎవరని చంద్రమ్మ పట్టుబట్టడంతో మొగులయ్యా వచ్చాడు. లాంచీ ఎక్కేటప్పుడు అలవాటు కొద్దీ చెప్పులు విడవబోయాడు. లాంచీ నడిపే జహంగీర్ కేకేశాడు. "అరే భాయ్, ఇది పుట్టి కాదు, ఇనుము! కాళ్లు మాడిపోతయి. తొడుక్కో." మొగులయ్య తొడుక్కున్నాడు.

నేను గాలి ట్యూబులు లెక్కపెడుతున్నాను. నలభై రెండు మందిమి. ట్యూబులు పదకొండు. జహంగీర్ అది చూసి, "అమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి. గిట్ల మునిగిందంటే అందరికన్న ముందు నేనే ఈదుకుంట పోయి మీ ఇంట్ల ఖబర్ చెప్త" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పాపను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

వెళ్లేటప్పుడు మొగులయ్య ఇంజను పక్కన నేల మీద, మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. "మీ ఊరు ఏ పక్క పెద్దాయనా?" అని మావాళ్లెవరో అడిగితే, తలెత్తకుండా "గా దిక్కుల్ల" అని చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి నీళ్ల వైపూ లేదు, గుట్టల వైపూ లేదు.

గుట్టరేవు చిన్న ఊరు. ముప్పై గుడిసెలు, ఎండలో ఆరేసిన వలలు, నీళ్లలోకి దిగిన నాలుగు మెట్లు, వాటికి కట్టేసిన పుట్టీలు. మావాళ్లు వేడివేడి చేపల వేపుడు చుట్టూ మూగారు. పాపను ఎత్తుకుని మేం ముగ్గురం గుట్ట ఎక్కాం. సర్వేవాళ్లు సున్నం పూసిన రాళ్లు దాటాక, నీళ్లు ఎప్పటికీ రాని ఎత్తులో, మొగులయ్య ఒక రాయి చూపించాడు.

చంద్రమ్మ పది అడుగుల దూరంలోనే చెప్పులు విడిచింది. రాయి చుట్టూ గడ్డి పీకింది. కొంగుతో రాయిని తుడిచింది. రొట్టెలు, బెల్లం కలిపి నలిపిన మలీద ముద్దలు మోదుగాకులో పెట్టి, గాజుసీసాలో తెచ్చిన పాలన్నీ పోసింది. గీతల అంగీని మడతలు విప్పి రాయి మీద కప్పి, గాలికి పోకుండా నాలుగు చిన్న రాళ్లు పెట్టింది. ఏడవలేదు. ఇంటికి వచ్చిన పిల్లాడికి అన్నం పెట్టినట్టుగా ఉంది ఆమె ముఖం.

"రావేందయ్యా, దూరం నిలవడ్డవు? చెప్పులు సుత ఇడువలేదు" అంది వెనక్కి చూసి.

"ముండ్లున్నయి" అన్నాడు మొగులయ్య.

ముళ్లు ఉన్నాయి. నేనూ చూశాను. కానీ చంద్రమ్మ ఒట్టి కాళ్లతోనే ఉంది.

నాలుగింటికి లాంచీ తిరిగి బయలుదేరింది. ముందు భాగంలో మావాళ్లు పాటల పోటీ పెట్టుకున్నారు. చంద్రమ్మ వెనక బల్ల మీద పాపను ఒళ్లో వేసుకుని కూర్చుంది. చాలా ఏళ్ల బరువు దించుకున్న మనిషిలా ఉంది. మొగులయ్యతో పరాచికం కూడా ఆడింది. "పన్నెండేండ్లొచ్చినయి నీ కొడుక్కు. కుర్చీలు ఒద్దుగని, ఇగ పుట్టి నడుపుడు నేర్పియ్యి."

మొగులయ్య నవ్వబోయాడు. గండం గడిచిందనుకున్నాడేమో, ఈసారి ఇంజను చాటుకు వెళ్లలేదు. లాంచీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. నేను అతన్ని కాదు, గుట్టలను చూస్తున్నాను. చిన్న గుట్ట మెల్లమెల్లగా పెద్దదాని వైపు జరుగుతోంది. సగం పోయింది. పావువంతు మిగిలింది. పూర్తిగా దాక్కుంది.

మొగులయ్య కుడి కాలితో ఎడమ చెప్పును, ఎడమ కాలితో కుడి చెప్పును విడిచాడు. వంగి రెండూ పక్కపక్కన సర్దాడు. ఏం చేస్తున్నాడో అతనికి తెలియదని నేను ఒట్టేసి చెప్పగలను. ఒట్టి కాళ్లతో ఆ ఇనుప నేల మీద నిలబడి నీళ్లలోకి చూస్తున్నాడు.

చంద్రమ్మ ఆ చెప్పులను చూసింది. తర్వాత మొగులయ్య మొహం చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, వెనకబడిపోయిన గుట్టరేవు వైపు చూసింది.

"ఈడనేనా?" అంది.

మొగులయ్య ఉలిక్కిపడ్డాడు. కాళ్ల వైపు చూసుకున్నాడు. కమ్మీ పట్టుకునే కూలబడ్డాడు.

ఆమె పాపను నా ఒళ్లో పెట్టింది. తన చెప్పులు విడిచింది. సంచిలో చెయ్యి పెట్టి వెతికింది. సంచి తిరగేసి దులిపింది. ఏమీ లేదు. పాలు, మలీద, అంగీ, అన్నీ గుట్ట మీద రాయికి ఇచ్చేసి వచ్చింది. అప్పుడు నా చేతిలోని పాలసీసా వైపు చూసింది. ఒక్కసారే.

అవే చివరి పాలు. తెల్లవారుజామున ఇరవై నిమిషాలు కాచి ఫ్లాస్కులో తెచ్చినవి. లాంచీ ఇంకో గంటా ముప్పావు, బస్సు నాలుగు గంటలు, దారిలో హోటళ్ల పాలు, ఆ గ్లాసులు కడిగే నీళ్లు. ఈ లెక్క నా తలలో దానంతట అదే జరిగింది. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. మూత తీసి సీసా ఆమెకు అందించాను.

"ఒద్దమ్మా. బిడ్డకు గావాలె."

"తీసుకో చంద్రమ్మా. పొయ్యి. నీ కాళ్లు మొక్కుతాను, వాడికి పొయ్యి."

"దాటినమమ్మా" అన్నాడు మొగులయ్య కింద నుంచే.

తలెత్తి చూశాను. పెద్ద గుట్ట పక్క నుంచి చిన్న గుట్ట బయటికి వచ్చేసింది. లాంచీ ఆపమని జహంగీర్‌ను పిలవడానికి లేవబోతే చంద్రమ్మ నా మణికట్టు పట్టుకుంది. "లొల్లి జెయ్యకమ్మా. అందరు వస్తరు. ఎవ్వరికి చెప్పకు."

ముందు భాగంలో పాట మారింది. చప్పట్లు కొడుతున్నారు. చంద్రమ్మ చాలాసేపు నీళ్లలో లాంచీ గీసిన తెల్లటి చారను చూస్తూ కూర్చుంది. మొగులయ్య తల ఎత్తలేదు. అరుస్తుందనుకున్నాను. కొడుతుందేమోననుకున్నాను. ఆమె బల్ల మీది నుంచి దిగి అతని పక్కన నేల మీద కూర్చుంది.

"తవ్వినవా? అదన్న తవ్వినవా, లేదా?"

"తవ్విన. చేతులతోని తవ్విన."

"బట్ట కనవడ్డదా?"

"కనవడ్డది."

"నీలందేనా?"

"నీలందే."

"చినిగిందా?"

"లేదు. నువ్వు సుట్టినది సుట్టినట్టే ఉన్నది."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు కదులుతున్నాయి గానీ శబ్దం బయటికి రాలేదు. కొంతసేపటికి కొంగు తీసి, "నాకొక్క మాట చెప్తే అయిపోవు గదయ్యా" అంది. "అంగీ ఈడ నీళ్లల్ల ఇడుద్దును గద."

మొగులయ్య ఆమె మోకాలి మీద చెయ్యి వేయబోయి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

పాప ఏడుపు అందుకుంది. పాలవేళ దాటిపోయింది. సీసా మూత బిగించబోతే వంకరగా పడి పాలు తొణికాయి. చంద్రమ్మ ముక్కు తుడుచుకుని, చేతులు చాపింది. "ఇటియ్యమ్మా. నువ్వు పారవోస్తవు." పాపను తీసుకుని తల మోచేతి మీద పెట్టుకుని పాలు పట్టింది. ఎప్పటిలాగే సీసా కొంచెం పైకెత్తి, గాలి పోకుండా. చివరి చుక్క దాకా.

ఒడ్డు చేరేసరికి పొద్దు గూకింది. దిగేటప్పుడు మొగులయ్య చెప్పుల సంగతే మరిచిపోయి ముందుకు నడిచాడు. చంద్రమ్మ పాపను నాకిచ్చి, వంగి అతని టైరు చెప్పులూ తన చెప్పులూ ఒక్క చేత్తో తీసుకుంది. బస్సు దాకా ఇద్దరూ ఒట్టి కాళ్లతోనే నడిచారు. ఆమె ముందు, నాలుగు అడుగుల వెనక అతను.