ఎడమ చంక కుట్టు

కొలత తీసేటప్పుడు కంటబడ్డదీ, చేతికి తగిలిందీ ఎవరితోనూ అనకూడదని ఆమెకు కుట్టుపని నేర్పిన తల్లి చెప్పింది. ఇరవై రెండేళ్లుగా ఆ మాట మీదే నిలబడింది. ఎవరు చిక్కారో, ఎవరు నెల తప్పారో ఇంట్లోవాళ్ల కంటే ముందు ఆమె టేపుకే తెలిసేది. ఒక్క మాట బయటికి పొక్కేది కాదు. అందుకే వీధి చివర ఆమె కుట్టే ఇరుకు గదిని ఆడవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు.

వాళ్లలో టీచరమ్మ అంటే ఆమెకు ప్రాణం. కూతురికి లెక్కలు ఎక్కకపోతే, బడి వదిలాక వచ్చి గుడ్డముక్కల మధ్య చతికిలబడి నేర్పిన మనిషి మరి.

ఏడాది కిందట టీచరమ్మ ఒక జాకెట్టు పట్టుకొచ్చింది. "ఎడమ చంక దగ్గర పట్టేస్తోందమ్మాయ్, కాస్త వదులు చెయ్యి."

కొలుస్తుంటే వేళ్లకు బఠానీ గింజంత గట్టిగా ఏదో తగిలింది. బిళ్ళ కట్టిందిలే అనుకుని కుట్టు విప్పి అరంగుళం వదిలింది. నాలుగు నెలలకు మళ్లీ అదే జాకెట్టు, అదే చంక. ఈసారి రెండు తగిలాయి. ఒకదాన్నొకటి అంటుకుని, రాళ్లలా, కదలకుండా ఉన్నాయి. ఇది ఉత్త బిళ్ళ కాదని ఆమెకు తెలిసిపోయింది. టీచరమ్మ గోడ వైపు చూస్తోంది. ఆమె టేపు చుట్టేసి, "లోపల ఇంకా గుడ్డ ఉంది టీచరమ్మా, వదులుతాను" అంది. అంతే.

తర్వాత కొన్నాళ్లకు, పక్కన గుండీలు కుడుతున్న ఆడపడుచు కబురు చెప్పింది. "విన్నావా వదినా? టీచరమ్మకు రొమ్ములో కేన్సరంట. చంకలో గ్రంథులకి పాకి మెడ కింది ఎముక దాకా వచ్చిందంట. ముందు కీమో ఎక్కించి, కరిగాక కోస్తారంట."

మిషను తొక్కుతున్న కాలు ఆగిపోయింది.

"అయినా నీ చేతికి తగల్లేదా? కళ్లు మూసుకుని గుడ్డలో పోగు లేచినా చెప్పేస్తావు కదా!"

"లేదు" అంది ఆమె.

ఆ అబద్ధంతో మనిషి సగమైపోయింది. టీచరమ్మ ఉండే వీధి తప్పించి నడిచేది. దేవుడి ముందు చేతులు జోడిస్తే ప్రార్థన నోటికి వచ్చేది కాదు. ఆ వేళ్ల వైపే చూస్తూ కూర్చునేది.

ఆరు నెలలకు టీచరమ్మ తనే వచ్చింది. తలకు గుడ్డ కట్టుకుంది. కనుబొమలు కూడా లేవు.

"ఏమిటమ్మాయ్, మిషను వెనక దాక్కుంటున్నావు? జుట్టు లేకపోతే నన్ను గుర్తుపట్టవా?"

కీమోతో గడ్డలు సగానికి సగం కరిగాయట. బుధవారం ఆపరేషన్. రొమ్ముతో పాటు చంకలోని గ్రంథులు కూడా తీసేస్తారు, ఆపైన రేడియేషన్. ఆ తర్వాత చెయ్యి వాచవచ్చట. అందుకే ముందువైపు గుండీలతో, వదులు చేతులతో రెండు జాకెట్లు కావాలంది.

టేపు తీసిందిగానీ ఆమెకు చెయ్యి లేవలేదు.

"టీచరమ్మా... నాకు తెలుసు. ఆవేళ నా చేతికి తగిలాయి. మీకు చెప్పలేదు."

ఆడపడుచు తలెత్తింది. టీచరమ్మ దగ్గర మంచినీళ్ల గ్లాసు పెట్టి, బయటికి వెళ్తూ తలుపు దగ్గరగా వేసింది.

టీచరమ్మ గ్లాసు పక్కకు జరిపింది. "తగులుతుందనే వచ్చానే. డాక్టరు ముందు జాకెట్టు విప్పడానికి సిగ్గేసి నీ దగ్గరికి వచ్చాను. 'ఇదేమిటి టీచరమ్మా' అని నువ్వంటే వెళ్దామనుకున్నాను. నువ్వు అనలేదు. ఏమీ కాదని నమ్మేశాను."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బావుండేది.

"పాపిష్టిదాన్ని" అంది ఆమె, నేల చూస్తూ.

"ఆ ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. మా అన్నయ్య ఉన్నాడుగానీ, పాపం ఆయన్నే ఇద్దరు పట్టుకోవాలి. ఆస్పత్రిలో నన్ను లేపి కూర్చోబెట్టడానికి ఆడమనిషి కావాలి. నువ్వు వస్తావా?"

నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఎలాగో ఓర్చుకునేది. అలా అడిగేసరికి మాత్రం ఆమె తల ఇంకా కిందికి దిగిపోయింది. పైకెత్తడం చేతకాక, అలాగే అడిగింది.

"ఎన్నింటికి రమ్మంటారు టీచరమ్మా?"

"ఆరింటికి. ఖాళీ కడుపుతో రాకు, ఏదో ఒకటి తిని రా."