బోరింగు నీళ్లు, నా చేయి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు కాపురానికి వచ్చిన నెలకే నా చేతిలో దోషముందని తేల్చేసింది మా అత్త. నలభైల నాటి మాట. మాది అంగడి నడుపుకునే ఇల్లు. పెరట్లో కొత్తగా చేతిబోరింగు వేయించారు. తెల్లవారుతూనే అత్త స్నానం చేసి, తడిబట్టతో దేవుడికి మడినీళ్లు పట్టేది. ఆ బిందె పూజకూ నైవేద్యానికీ అప్పటికప్పుడే అయిపోయేది. ఆ తరువాత ఇంటిల్లిపాదికీ తాగే నీళ్లు రెండు బిందెలు నేను కొట్టి పెట్టేదాన్ని. పట్టినప్పుడు తేటగా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి ఎర్రబడి, అడుగున ఇటుకపొడిలాంటి మడ్డి చేరేది.

"నేను పట్టినవి తేటగుండాయి, నువ్వు పట్టినవి ఎర్రగయితాండాయి. అదేం చెయ్యే నీది? మీ నాయనకు కబురు చేస్తా, వచ్చి పిల్చుకపోనీ" అంది.

ఒళ్లు మండిపోయింది. బోరింగు చేసిన పనికి నేను పుట్టింటికి పోవాలా? చచ్చినా పోను అనుకున్నాను. నంద్యాలలో మా ఇంటి బోరింగుదీ ఇదే తంతు. భూమిలోని ఇనుము నీళ్లలో కరిగి కంటికి కనపడకుండా వస్తుందనీ, గాలి తగిలాక తుప్పుగా మారి బయటపడుతుందనీ నాయన చెప్పేవాడు.

"అత్తా, రేపు ఇంకో బిందె నీ చేత్తోనే పట్టు. దేవునింట్లో పెట్టు. నేను ఆడికి రాను" అన్నాను.

అట్లాగే పెట్టింది. నన్ను గడప తొక్కనివ్వలేదు. మధ్యాహ్నం అత్త మూత తీసి చూస్తే ఆ నీళ్లూ ఎర్రబడి ఉన్నాయి.

"ఎవురు ముట్టినారే దీన్ని?"

"గాలి ముట్టింది అత్తా."

నవ్వాలనే అనుకున్నాను, కానీ ఆమె ముఖం చూస్తే జాలేసింది.

ఆ సాయంత్రమే పని మొదలుపెట్టాను. నీళ్లను ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి ఎత్తునుంచి పదేపదే వంచాను. మర్నాటిదాకా కదపకుండా ఉంచి, పైతేటను ఇసుకా బొగ్గూ నింపిన చిల్లికుండలో పోశాను. అయ్యో, ఇసుక సరిగ్గా కడగలేదు, కిందికి బురదే దిగింది! అత్త పెదవి విరిచింది. ఇసుకంతా తీసి మళ్లీ కడిగాను, చేతులు పగిలేదాకా కడిగాను. మూడోనాడు తేటనీళ్లు దిగాయి. సాయంత్రం దాకా పెట్టి చూశాం, రంగు మారలేదు.

అత్త చెంబు ముంచుకుని నిలబడే తాగింది. తప్పయిందని అనలేదు, నేనూ అనిపించుకోలేదు. మరునాడు తెల్లవారి బోరింగు దగ్గరికి వచ్చి, దేవుడి బిందె నా చేతికిచ్చింది.

"ఇంగ నువ్వే పట్టు" అంది.