నిప్పు లోపల పెట్టుకున్న మామ్మ

కలిదిండి నుంచి ఏలూరుకు కొల్లేట్లో దోనె మీద వస్తున్నాను. రైలు అందదేమోనని ఒకటే కంగారు. మద్రాసులో కొన్న పువ్వుల వాసన వచ్చే పొగాకు పైపులో దట్టించి వెలిగిస్తే, గాలికి ఇట్టే ఆరిపోతోంది. అగ్గిపెట్టె సగం ఖాళీ అయింది.

ఎదురుగా కూర్చున్న జాలరి మామ్మ చుట్ట తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాపీగా పీలుస్తోంది.

"ఎవరో అగరొత్తులు వెలిగించారనుకున్నానండీ," అని నవ్వింది. "ఇలా నిప్పు లోపలికి పెట్టుకోండి బాబూ, ఏ గాలీ ఆర్పలేదు."

"నోరు కాలదా మామ్మా?"

"అలవాటైపోయిందండీ."

ఆవిడ నిదానం చూసి నాకు ఒళ్లు మండింది. "నీకేం, తొందర లేదు," అన్నాను.

చుట్ట తీసి, నీళ్లకేసి చూస్తూ చెప్పింది. "మా అబ్బాయి మొన్న వేటకెళ్లాడండీ. ఇంకా రాలేదు. దారిలో లంకల్లో అడుగుదామని బయల్దేరాను."

మళ్లీ నిప్పు లోపలికి పెట్టుకుంది. ఏలూరు వచ్చేదాకా నేను అగ్గిపుల్ల గీయలేదు.