గుర్రం పక్కకు దూకిన ఆట

నా చిన్నప్పుడు, అంటే పదకొండేళ్ళప్పుడు, విరుదునగర్ పిల్ల ఒకతి మీద నాకు ఒళ్ళంతా అసూయే. ఇప్పుడు నాకు ఇరవైమూడు. 'చిన్నప్పుడు' అనడానికి ఇంకా వయసు చాలదంటుంది మా అమ్మ. అసూయకు మాత్రం ఆనాడే చాలింది. మా ఊరు కోవిల్‌పట్టిలో ఏ చెస్ పోటీ పెట్టినా కప్పు ఆ పిల్లదే, రెండో బహుమతి నాదే.

ఆమె ఆట మొదలు ఎప్పుడూ ఒకటే. ముందు రాజు ఎదుటి బంటు, తర్వాత గుర్రం, తర్వాత బిషప్. ఆపైన ఆ గుర్రమే మన రాజు మీదికి దూకేది. మధ్యలో ఆమె బంటు మన బంటును చంపుతుంది. అందరూ దాన్ని వెంటనే గుర్రంతో చంపి, ఆ సంతోషంలోనే చచ్చేవాళ్ళు. నెలరోజులు కూర్చుని దానికి మందు కనిపెట్టాను.

ఫైనల్‌కు ముందు బెంచీ మీద ఆ మందును మా అమ్మకు గొంతెత్తి చెప్పాను, తెలుగులో. మా ఇంట్లో అదే అలవాటు. గడప దాటితే తమిళం, రహస్యమైతే తెలుగు. బస్సులో పక్కావిడ చీర బాగాలేదన్నా తెలుగే.

"ఆ బంటును చంపనమ్మా. గుర్రాన్ని పక్కకు దూకించి దాని బిషప్పును తరుముతా. ఏడ్చుకుంటా ఇంటికి పోనీ."

"పోనీ," అంది మా అమ్మ.

వెనక బెంచీలో ఒక ముసలావిడ తమిళ పేపరుతో విసురుకుంటూ ఉంది.

గెలిచాను. ఆ పిల్ల నిజంగానే ఏడ్చింది. నేను అనుకున్నంత బాగా లేదు ఆ దృశ్యం. అప్పుడు ఆ ముసలావిడ వచ్చి నా తల నిమిరింది.

"బాగ ఆడితివి కన్నా. గుర్రాన్ని పక్కకు దూకిస్తానంటివి, అట్లే దూకిస్తివి."

ఆమె ఆ పిల్ల అవ్వ. మాట్లాడింది మా ఇంటి తెలుగే. మా అమ్మ చేతిసంచిలో ఏదో వెతకసాగింది. దూరి దాక్కునేంత పెద్ద సంచి కాదది.

"నీకు ముందే తెలుసా? నాకెందుకు చెప్పలేదు అవ్వా?" అని అరిచింది పిల్ల.

"ఆ బిడ్డ కష్టపడి నేర్చుకున్నది. ఎత్తి నీకిచ్చేదానికి నేనెవరు?" అంటూ కొంగుతో మనవరాలి ముక్కు తుడిచింది అవ్వ.

నా సొంత తెలివితో నేను గెలిచిన కప్పు అది, ఆవిడ నోరు మూసుకోబట్టి. ఈనాటికీ ఎవరి రహస్యమైనా చెవిన పడితే నేనూ నోరు మూసుకుంటాను. ఆఫీసులో దాన్ని మంచితనం అనుకుంటారు. నేను ఆవిడను కాపీ కొడుతున్నానంతే. ఆ పిల్ల మీద అసూయ మాత్రం ఇంకా పోలేదు. కప్పులు నాకూ వచ్చాయి, అట్లాంటి అవ్వ రాలేదు.